గడువు దాటిన మంచు

పగడాలరేవులో ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఏడాది తిరిగేదాకా రోజూ తెల్లారేసరికి ఆ ఇంటి బండి మీద మంచు పడి ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు అది. వేసవిలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. అయినా పడుతుంది. కారున్నవాళ్లకి కారు మీద, మోటారు సైకిలున్నవాళ్లకి దాని సీటు మీద, తోపుడు బండి ఉన్నవాళ్లకి అరటిపళ్ల మీద. ఏ బండీ లేనివాళ్ల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. శోకంలో ఉన్న బండిని ఆవకాయ ముక్కలు ఆరబెట్టిన చోట ఆపకూడదని పురపాలక సంఘం ఏనాడో బోర్డులు పెట్టింది. మంచు పడుతుండగా ఇంతవరకూ ఎవరూ చూడలేదు గానీ, తెల్లారి చూసినవాళ్లకి కొదవ లేదు. పరామర్శకి వచ్చేవాళ్లు ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద వేలు గుచ్చి ఎంత లోతు దిగిందో చూసుకుని, ఆ తర్వాతే చెప్పులు విడిచి ఇంట్లోకి వస్తారు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా, "మంచు బాగానే పడిందమ్మా" అన్నాకే ఓదార్పు మొదలవుతుంది.

మంచు కరిగిన నీళ్లూ కరగని పలుకులూ చక్రాల కింద పడితే బండి జారుతుంది. అందుకని శోకంలో ఉన్న ఇంటివాళ్లు ఏడాదిపాటు మంచు టైర్లు వేయించుకోవాలని నిబంధన. మిగిలిన వాళ్లకి మామూలు టైర్లు. మంచు టైర్ల రబ్బరు మెత్తన, దాని మీది గాడులు లోతు. శోకధ్రువపత్రం చూపించనిదే షాపువాళ్లు అవి అమ్మరు. పత్రం కావాలంటే పెద్దకర్మ మర్నాడు తనిఖీ అధికారి వచ్చి మంచు చూడాలి. పోయిన మనిషి బండి ఎవరి పేరుకి మారాలన్నదీ ఆ తనిఖీలోనే తేలుతుంది. దగ్గర బంధువుల్లో ఎవరి బండి మీద మంచు ఎక్కువుంటే వాళ్లకే. వీలునామాలు అబద్ధం చెప్పవచ్చు, మంచు చెప్పదని అధికారుల నమ్మకం.

సత్యవేణి కారు మీద మంచు పడలేదు.

ఆమె భర్త త్రినాథ్ ఓడరేవులో లారీలు తూచే కాటా దగ్గర సూపర్‌వైజరు. ఆమె బజారులో మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్లకున్న కారు క్రాసోవర్ రకం. త్రినాథ్ తల్లి కనకరత్నం మోకాళ్ల కోసం కొన్నదది. చిన్న కారైతే లోపలికి దిగాలి, జీపైతే పైకెక్కాలి. ఇందులోకైతే పక్కకి జరిగినట్టు కూర్చుంటే చాలు. కొన్న రోజున కనకరత్నం వెనక సీట్లో కూర్చుని, "ఇది బాగుందిరా, నా మంచమంత ఎత్తుంది" అంది. త్రినాథ్‌కి అంతకంటే పెద్ద మెచ్చుకోలు అక్కర్లేకపోయింది. సత్యవేణికి డ్రైవింగు నేర్పింది కూడా ఆ కారులోనే. ఆమె గేరు మార్చిన ప్రతిసారీ, "దాన్ని అడిగి మార్చు" అనేవాడు.

ఆ ఏడాది టైర్లు నున్నగా అరిగిపోయాయి. త్రినాథ్‌కి టైర్లు కొనడం పెళ్లిచూపులంత పని. ఆదివారం వస్తే నూకరాజు టైర్ల షాపుకి వెళ్లి, టీ తాగి, ఒక్కో టైరునీ బొటనవేలితో నొక్కి చూసి, ఏదీ తేల్చకుండా తిరిగొచ్చేవాడు. అన్నం దగ్గర అవే కబుర్లు. ఏది తడి రోడ్డు మీద పట్టు ఇస్తుంది, ఏది చప్పుడు చేయదు. సత్యవేణి సగం వినేది.

ఆ రాత్రి కూడా సగమే వింది. బెండకాయ వేపుడు కలుపుకుంటూ త్రినాథ్, "ముందువి రెండూ మారిస్తే సరిపోదు సత్యా. నాలుగూ మార్చకపోతే..." అన్నాడు. ఆమె పెరుగు కోసం అటు తిరిగి ఉంది. నములుతున్నాడనుకుంది. "ఆఁ, మార్చకపోతే ఏమవుతుందంట?" అంది. జవాబు రాలేదు. గిన్నె పట్టుకుని ఇటు తిరిగేసరికి అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. ముఖంలో నొప్పీ లేదు, భయమూ లేదు. మాట వెతుక్కుంటున్నట్టు ఉంది. అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. సత్యవేణి ఏడవలేదు. ఏడవకూడదని కాదు. మాట మధ్యలో మనిషి ఆగిపోతే, మాట పూర్తయ్యేదాకా ఎదురుచూడటం ఆమెకి అలవాటు. అతను తడుముకునే మనిషి. చాలాసార్లు అలాగే ఎదురుచూసింది. ఇప్పుడూ అంతే. పాడె మీదికి కొబ్బరాకులు కొడుతున్నప్పుడూ, వచ్చినవాళ్లు ఆమె చేతులు పట్టుకుని ఊపుతున్నప్పుడూ, ఆమె ఒక చెవి అటే పెట్టుకుని కూర్చుంది. మార్చకపోతే ఏమవుతుంది?

వాకిట్లో కారు పొడిగా ఉంది. ఎండలో పెళపెళలాడుతోంది. పరామర్శకి వచ్చినవాళ్లు దాని చుట్టూ తిరిగి, వేలు గుచ్చబోయి, చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుని, ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకునేవారు.

త్రినాథ్ అన్న చలపతిది పక్కవీధి. ఆయన మోటారు సైకిలు మీద మూడోనాటికే జానెడు మంచు. దాన్ని తోసుకుంటూ తమ్ముడి వాకిట్లోకి తెచ్చి, అందరికీ కనబడేట్టు కారు పక్కన నిలబెట్టాడు.

"అమ్మాయ్, నేనేం బండి కోసం అనట్లేదు" అన్నాడు చలపతి. "నాకెందుకు బండి? ఎక్కడ పెట్టుకోను? కానీ రూలు అలా ఉంది మరి."

"అలాగేనండి బావగారూ" అంది సత్యవేణి.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే. అందరికీ పడాలని ఏముంది. మనసు గట్టిదై ఉంటుంది."

కనకరత్నం గుమ్మంలో కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటోంది. తలెత్తి పెద్దకొడుకునీ, మోటారు సైకిలునీ చూసింది. "నీళ్లు కారి నా వాకిలి బురదవుతోంది, అవతల పెట్టరా" అంది.

కారు పోతే ఏమవుతుందో సత్యవేణికి తెలుసు. డ్రైవరు సీటు త్రినాథ్ కాళ్ల పొడవుకి వెనక్కి జరిపి ఉంది. చలపతి పొట్టి. ఎక్కగానే ముందుకి లాగుతాడు. ఆ సీటు కింద చప్పుడు ఆమెకి ఇప్పటి నుంచే వినిపిస్తోంది.

ఎవరేమన్నా ఆ టైర్లతో బండి నడపడం కుదరదు కాబట్టి ఆమె నూకరాజు షాపుకి వెళ్లింది. షాపు ముందు టైర్లు ఎడమ వైపు మామూలువీ, కుడి వైపు మంచువీ దొంతర్లుగా ఉన్నాయి.

"ఏ టైర్లు వేయమంటారమ్మా?" అన్నాడు నూకరాజు. "మామూలువా, మంచువా?"

"ఏవైనా పర్లేదండి."

"అలాగనకూడదమ్మా. మనిషి పోయిన ఇంటికి మామూలువి వేస్తే ఏడుపు లేని ఇల్లని నేను తీర్పు చెప్పినట్టు. పోనీ మంచువి వేద్దారంటే, మంచు పడకపోతే ఈ ఎండకి రబ్బరు జీళ్లపాకంలాగ సాగిపోద్ది. తనిఖీ అవ్వనివ్వండి. ఏదో ఒకటి తేలిపోద్దిగా."

"అందాకా బండి ఎలా నడపాలండి?"

"నడపకూడదండి. ఈ టైర్లకి బ్రేకు కొడితే ఆగదు."

"తనిఖీకి ఆఫీసుకి తీసుకురమ్మని నోటీసులో ఉంది కదా?"

"ఆయ్. తీసుకెళ్లాలండి" అన్నాడు నూకరాజు, తేడా ఏమీ కనబడనట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "త్రినాథ్ గారు ఉంటే ఈపాటికి ఏదో ఒకటి తేల్చేసేవోరనుకుంటున్నారా? తేల్చేవోరు కాదు. కానీ కూర్చుంటే బాగుండేది."

పెద్దకర్మ నాటి సాయంత్రం చుట్టాలంతా వెళ్లిపోయాక సత్యవేణి మెట్ల మీద కూర్చుని కారుని చూస్తోంది. కనకరత్నం వచ్చి పక్కన కూలబడింది.

"ఏవే, పడలేదనా?"

"ఏడుపు కూడా రావట్లేదత్తయ్యా. ఆయన ఏదో అంటున్నారు. పూర్తి కాలేదు. నాకు... ఇంకా అయిపోలేదనిపిస్తోంది."

కనకరత్నం కాళ్లు చాపుకుంది. "మీ మావగారు పోయినప్పుడు నాకూ పడలేదే" అంది. "ఆయన సైకిలు వాకిట్లో పెట్టుకుని తెల్లార్లూ చూశాను. మంచు కాదు కదా, పిట్ట రెట్ట కూడా పడలేదు."

"మరి అప్పుడు?"

"పోలయ్య అని చేపల రేవులో ఉంటాడు. ఐసు ఫ్యాక్టరీ వాడు. అప్పట్లో వాళ్ల నాన్న వచ్చేవోడు. రొయ్యల బుట్టల మీద చల్లే ఐసు లేదూ, అదే. గోనెసంచిలో తెచ్చి తెల్లారకుండా చల్లేసి వెళ్లిపోతాడు."

సత్యవేణి అత్తగారి వైపు చూసింది. "బావగారిది కూడా..."

"మరి? ఆడికి గుండెల్లోంచి వచ్చిందనుకున్నావా?"

"ఊళ్లో అందరిదీనా?"

"అందరి సంగతీ నాకెందుకే? పోలయ్యకి ఇంట్లో ముగ్గురు పనివాళ్లున్నారు. అదొక్కటే తెలుసు నాకు." కనకరత్నం మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "రేపు పెద్దాడి దగ్గరికి వెళ్లొద్దని పోలయ్యకి చెప్పి, ఇక్కడికే రమ్మన్నాను. రెండు సంచులూ."

సత్యవేణికి ఇన్నాళ్లూ ఏ ఇంటి ముందు ఎంత మంచు చూసి ఎవరి గురించి ఏమనుకుందో అవన్నీ వరసగా గుర్తొచ్చాయి. మందుల షాపు యజమాని తల్లి పోయినప్పుడు చెంచాడే పడిందని తనూ నవ్వింది.

మర్నాడు తనిఖీ అధికారి సువర్ణరాజు వచ్చేసరికి కారు తెల్లగా మెరుస్తోంది. నోటీసులో ఆఫీసుకి తీసుకురమ్మన్నారుగా అని సత్యవేణి అంటే, అరిగిన టైర్లతో బండి రోడ్డెక్కకూడదు కదండీ, అందుకే ఎప్పుడూ మేమే వస్తాం అన్నాడు. శ్రద్ధగల మనిషి. చంకలో ఒక ఫ్లాస్కు ఉంది. అందులో అధికారిక నమూనా. ఈ నిబంధన పెట్టిన రోజుల్లో మంచు అంటే ఎలా ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. సరిపోల్చుకోవడానికి ఏదో ఒకటి కావాలని రేవులోని ఫ్యాక్టరీ నుంచి ఒక డబ్బా తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టారు. అది కరిగిపోయినప్పుడల్లా మళ్లీ అక్కడి నుంచే తెప్పిస్తారు.

సువర్ణరాజు బానెట్ మీద నుంచి పిడికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఫ్లాస్కు మూత తీసి అదీ వాసన చూశాడు. వేళ్లతో పలుకులు విడదీశాడు. ఒక రొయ్య మీసం దొరికింది. నమూనాలోనూ అలాంటిది ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి తృప్తిగా తలాడించాడు.

"చక్కటి శోకమమ్మా" అన్నాడు. "తాజాగా ఉంది. ఈ మధ్య కొన్ని ఇళ్లల్లో మరీ నున్నగా, వాసన లేకుండా ఏదో పడుతోంది. అలాంటివి మేం ఒప్పుకోవట్లేదు."

చలపతి మోటారు సైకిలు పక్కనే ఉంది. సీటు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"రోజూ పడేది సార్" అన్నాడు చలపతి. చెమటలు పట్టాయి. "జానెడు. కావాలంటే ఎవర్నైనా అడగండి. ఇవాళే నా ఐ..." అని ఆగి, తల్లి వంక చూశాడు. కనకరత్నం ముగ్గు వేస్తోంది. తలెత్తలేదు.

"బాధపడకండి. అన్నదమ్ముల శోకం పెద్దకర్మ దాకా ఉండటమే గొప్ప" అని ఓదార్చాడు సువర్ణరాజు. పత్రం మీద ముద్ర వేసి సత్యవేణి చేతికిచ్చాడు. బండి ఆమె పేరుకి మారింది.

చలపతి మోటారు సైకిలు స్టార్టు చేస్తూ, "ఎంతైనా కోడలే ఎక్కువైందన్నమాట" అన్నాడు.

"ముందు వెళ్లి ఆ సీటు తుడుచుకోరా" అంది కనకరత్నం.

మంచు టైర్లు వేయించడానికి సత్యవేణి అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, సైకిలంత వేగంతో నూకరాజు షాపుకి వెళ్లింది. పత్రం చూసి నూకరాజు కళ్లకద్దుకున్నాడు. పాత టైర్లు విప్పుతుంటే ఆమె, "ముందువి రెండూ మారిస్తే చాలదా?" అని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. ఆ మాట నాలుక చివరే ఉంది.

"సరిపోదమ్మా" అన్నాడు నూకరాజు, పాత టైరుని పక్కకి దొర్లిస్తూ. "నాలుగూ మార్చకపోతే మలుపులో ముందువి రోడ్డుని పట్టుకుంటాయి, వెనకవి వదిలేత్తాయి. బండి గిర్రున తిరిగిపోద్ది. త్రినాథ్ గారికి అదే భయం. వెనక మా అమ్మ కూర్చుంటుంది రాజూ, వెనకవి వదిలేయకూడదు అనేవోరు. ఎన్నిసార్లన్నారో."

సత్యవేణి కదలకుండా నిలబడింది. మార్చకపోతే, వెనకవి వదిలేస్తాయి. అంతే. అంత చిన్న మాట. దాని కోసమే అతను ఆ గోడకి ఆనుకుని వెతుక్కున్నది. మాట అయిపోయింది. ఇంక ఎదురుచూడటానికి ఏమీ మిగల్లేదు.

"ఏవమ్మా, కూర్చుంటారా? మంచినీళ్లు తెప్పించనా?"

"వద్దండి. నాలుగూ వేసేయండి" అంది.

తిరిగి వస్తుంటే బీచి రోడ్డు మలుపు దగ్గర అద్దం మీద ఏదో వాలింది. దూదిపింజ అనుకుంది. రెండోది వాలింది. నడినెత్తిన సూర్యుడు, మబ్బు తునక లేదు. కారు చుట్టూ, కారు మీద, కారు వెళ్తున్నంత మేరా, చప్పుడు లేకుండా తెల్లగా రాలుతోంది. ఐసులా పలుకులు పలుకులుగా లేదు. వాసన లేదు. కిటికీలోంచి చేతి మీద పడినది ఒక్క క్షణం పువ్వులా నిలిచి మాయమైంది. సత్యవేణి కారు పక్కకి తీసి ఆపింది. అప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. స్టీరింగు మీద తల ఆన్చి, వెనక అత్తగారున్నారన్న స్పృహ కూడా లేకుండా, గొంతు పోయేలా ఏడ్చింది.

అటుగా స్కూటరు మీద వెళ్తున్న సువర్ణరాజు ఆగాడు. భోజనానికి ఇంటికి వెళ్తున్నాడు. బానెట్ మీద నుంచి కొంచెం తీసి వాసన చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? పత్తి మిల్లు పక్కన గానీ ఆపారా?"

"మంచండి" అంది సత్యవేణి, కళ్లు తుడుచుకోకుండానే.

"మంచుకి వాసనుంటుందమ్మా. నేనెన్ని చూశానో మీకు తెలీదు." మాటలో కోపం లేదు, జాలే ఉంది. "ఇందాక చెప్పానే, ఇదే అది. పైగా తనిఖీ అయిపోయింది. గడువు దాటాక ఏం పడినా వాతావరణం కింద లెక్క, మా శాఖకి సంబంధం లేదు. తుడిపించేయండి. పత్రం ఉన్నవాళ్లు ఇలాంటిది పెట్టుకు తిరిగితే నేనే రద్దు చేయాల్సి వస్తుంది."

స్కూటరు వెళ్లిపోయింది. సత్యవేణి వెనక్కి తిరిగింది. కనకరత్నం కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, అరచేతిలో పడినదాన్ని చూసుకుంటోంది. ఆమెలో ఆశ్చర్యం లేదు. చాలాకాలం క్రితం వదిలేసిన వంటకాన్ని ఎవరింట్లోనో రుచి చూసినట్టు ఉంది.

"నాకూ ఇలాగే కర్మ అయిపోయాక పడింది" అంది.

"ఎన్నాళ్లు పడిందత్తయ్యా?"

కనకరత్నం చెయ్యి లోపలికి తీసుకుంది. సత్యవేణికి సామానుగది కప్పు మీది చెమ్మ మరక గుర్తొచ్చింది. నడివేసవిలో కూడా ఆరేది కాదు. త్రినాథ్ ఎన్నిసార్లు తాపీమేస్త్రీని పిలిపించినా, "అది అలాగే ఉంటుందిలేరా, వదిలెయ్" అని అత్తగారు అటక మీదికి ఎవర్నీ ఎక్కనిచ్చేది కాదు. ఆ మరకకి సరిగ్గా పైన, అటక మీద చాపలో చుట్టి, తాళ్లు బిగించి, మావగారి సైకిలు ఉంది.

"అద్దం ఎక్కించవే" అంది కనకరత్నం, తడి చెయ్యి చీరకి తుడుచుకుంటూ. "ఎవరన్నా చూస్తారు."

సత్యవేణి అద్దం ఎక్కించి, వైపర్లు వేసింది.

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. పోలయ్య రోజూ చీకటితోనే వచ్చి, కింద తెల్లగా మెత్తగా పేరుకున్నదాన్ని చూడనట్టే చూసి, దాని మీద గోనెసంచి కుమ్మరించేవాడు. ఎండెక్కేసరికి ఐసు కరిగిపోయేది. కింద ఉన్నది కరిగేది కాదు. షాపుకి వెళ్లాక సత్యవేణి దాని మీద కవరు కప్పేది. మొగుణ్ణి సత్యవేణి మర్చిపోలేదు, వీధి మొదట్లోంచే వాసనొస్తోందని ఊళ్లో చెప్పుకున్నారు.

సంవత్సరీకం అయిన మర్నాడు నిబంధన ప్రకారం మంచు టైర్లు తీయించి మామూలువి వేయించుకుంది. నాలుగూ. నూకరాజు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఇంక హాయిగా తిరగండమ్మా" అన్నాడు. పోలయ్య రావడం మానేశాడు.

మంచు మానలేదు. మామూలు టైర్లతో దాని మీద బండి నడపడం ఎలాగో ఆమె నేర్చుకుంది. గట్టిగా బ్రేకు కొట్టకూడదు. మలుపులో తొందరపడకూడదు. అద్దాలు దించకూడదు.

అలా నెమ్మదిగా వెళ్తుంటే ఒక మధ్యాహ్నం బజారు కూడలిలో ఎర్రలైటు పడింది. రోడ్డు పొగలు కక్కుతోంది. పక్కన ఆగిన కారులో మందుల షాపు యజమాని ఉన్నాడు. అద్దాలు బిగించి ఉన్నాయి. వైపర్లు ఆడుతున్నాయి. ఇదివరకు ఇలాంటివాళ్లు కనబడితే త్రినాథ్ నవ్వేవాడు. "వానా లేదు, గీనా లేదు, వైపర్లు చూడు. స్విచ్చి ఎక్కడుందో తెలీదనుకుంటా" అనేవాడు. ఆమె కూడా నవ్వేది.

సత్యవేణి తల తిప్పి చూసింది. యజమాని వెనక ఒక వ్యాను, దాని వెనక ఇంకో కారు, అవతలి వైపు రెండు. అన్నిటి అద్దాలూ మూసి ఉన్నాయి. అన్నిటి వైపర్లూ ఎండలో ఆడుతున్నాయి. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు.

పచ్చలైటు పడింది. అందరూ నెమ్మదిగా, బ్రేకు కొట్టాల్సిన అవసరం రాకుండా, ఒకళ్లకొకళ్లు చోటు వదులుకుంటూ కదిలారు.